రంపం తినే సూతు

మా అపార్ట్‌మెంటుకు ఉన్న లోపాల్లో నేను క్షమించలేనిది ఒక్కటే, మెట్లలో చివరిది. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సరే. లిఫ్టు నెలలో ఎక్కువ రోజులు మౌనవ్రతం పాటిస్తుంది, అదీ సరే. కానీ ఇది కట్టిన మేస్త్రీ మెట్లన్నీ ఒకే ఎత్తున బుద్ధిగా కట్టుకుంటూ వచ్చి, ప్రతి అంతస్తులోనూ చిట్టచివరి మెట్టు దగ్గర మిగిలినంతలో సర్దేశాడు. అది మిగతావాటికంటే రెండంగుళాలు పొట్టి. కాలికి ఒక ఎత్తు అలవాటవుతుంది కదా, అది అదే లెక్కన లేచి, అక్కడ లేని రెండంగుళాల మీద అడుగు వేస్తుంది. అందువల్ల మా ఇంటికి వచ్చేవాళ్లంతా, పాలవాడి దగ్గర్నుంచి వియ్యంకుడి దాకా, గుమ్మం ముందు ఒక చిన్న గెంతు గెంతి లోపలికి వస్తారు. అపార్ట్‌మెంటు మీటింగులో ఈ సంగతి ఎత్తాను. సెక్రటరీగారు సానుభూతితో విని, "కాస్త చూసుకుని నడవండి సార్" అన్నారు. నా వయసు వాళ్ల సమస్యలన్నిటికీ ఆయన దగ్గర ఉన్న మందు అదే.

పోయిన వారం గోదావరిఖని నుంచి మా అక్క వచ్చింది. గోదావరి దాటి మంచిర్యాలకు రావడం ఆమెకు ఇప్పటికీ ఒక ప్రయాణమే. ఎనభై దాటాయి, చేతిలో కర్ర ఉంది. లిఫ్టు మౌనంలో ఉంది గనక రెండంతస్తులూ ఎక్కింది. ఆ చివరి మెట్టు మీద ఒక్క తూలు తూలింది. చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఆగి, ఊపిరి తీసుకుని, వెనక్కి తిరిగి ఆ మెట్టును చూసింది. కర్ర కొనతో దాని ఎత్తు కొలిచింది, కింది మెట్టు ఎత్తూ కొలిచింది. తర్వాత నావైపు చూసి ఒక మాట అంది. ఆ మాట అర్థం కావాలంటే ముందు మా బావ సంగతి, బావ కంటే ముందు గ.సా.భా. సంగతి చెప్పాలి. గరిష్ఠ సామాన్య భాజకం. రెండు సంఖ్యల్నీ శేషం లేకుండా భాగించే సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది. దాన్ని బతుకంతా పిల్లలకు నేర్పి పెన్షను తీసుకుంటున్నవాణ్ని నేను.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు మూతపడ్డాయి. నేను హన్మకొండలో డిగ్రీ రెండో సంవత్సరం, లెక్కలు. ఊళ్లో ఉంటే ఊరేగింపుల్లో కలుస్తానని మా నాన్న భయం. నిజానికి ఏ ఊరేగింపువాళ్లూ నన్ను రమ్మనలేదు. నా గొంతు నినాదాలకు పనికొచ్చేది కాదు. అయినా భయం భయమే గనక నన్ను గోదావరిఖనిలో అక్క దగ్గరికి పంపారు. బావ బొగ్గుబాయిలో పని చేసేవాడు. అక్కడ గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. బావది కమాన్‌పూర్ దగ్గర పల్లె. నాలుగేళ్లు వరసగా వానలు మొహం చాటేస్తే, నాగలి అటక మీద పెట్టి బాయి దిగాడు. నాగలికి చెప్పి వచ్చాడట, మళ్లీ వస్తానని. అది ఇంకా ఎదురుచూస్తూనే ఉండి ఉంటుంది.

రెండు గదుల క్వార్టరు. ముందు గదిలో నేను, ఒక గడియారం, రెండు బియ్యపు బస్తాలు. గడియారం అలంకారానికి, ఆ ఊళ్లో పొద్దు పొడవడం, గుంకడం సైరన్ చేతిలో ఉండేది. సైరన్ మోగితే ఒక వీధి లేచేది, ఇంకో వీధి పడుకునేది. పొయ్యిలో బొగ్గు, గాలిలో బొగ్గు, ఆరేసిన బట్టల మీద బొగ్గు. తెల్ల పంచె మీద ఆశలు రెండో వారానికే వదులుకున్నాను. పొద్దున అక్క పొయ్యి బయట పెట్టి రాజేస్తే ఆ పసుపుపచ్చ పొగ వీధి పొగలన్నిటితో కలిసి క్వార్టర్ల మీద దుప్పటిలా పరుచుకునేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. డాక్టరు దగ్గు వస్తోందా అని అడుగుతాడు, ఆకలని చెప్పలేను.

బావ పని టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద కట్టెలు నిలబెట్టడం. కట్టె నిలబెట్టే ముందు చేతికర్రతో కప్పును తట్టి చూస్తారు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, లోపల పగులుంటే కుండ పగిలినట్టు బోలుగా పలుకుతుంది. బోలుగా పలికిన చోట ముందు కట్టె పడాలి. ఇక వాళ్లలో ఒక ఆచారం ఉండేది, ఏ రూలు పుస్తకంలోనూ లేనిది. కట్టెను నిలబెట్టినవాడే మొదట దాని కింద నిలబడాలి. ఊరికే కాదు, సుద్దముక్కతో దాని మీద తన గుర్తు గీసి, చేతులు కట్టుకుని, నూరు లెక్కపెట్టేంతసేపు. ఆ తర్వాతే బొగ్గు ఎత్తేవాళ్లను రమ్మని కేకవేయాలి. బావ గుర్తు చిన్న నాగలి. గీయడం చేతకాదు గనక చూసేవాళ్లకు అది చేపలా కనిపించేదట. ఆ సెక్షన్లో చేప గుర్తు ఉన్న కట్టె కింద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పడానికి జనం పోటీ పడేవాళ్లని బావ జోడీదారు ఒకసారి చెప్పాడు. బావ స్వయంగా ఈ మాట ఎన్నడూ చెప్పలేదు. ఆయన చెప్పే మాటలు రోజుకు పది దాటేవి కావు, అందులో నాలుగు కోళ్లకు.

నేను వెళ్లిన మూడో వారం, బావ నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పట్టపగలు నిద్రపోతున్నప్పుడు, అక్క నన్ను వెనక దొడ్లోకి పిలిచింది. ఆయన కుడిపక్కకు తిరిగి, కుడి చెవి దిండులో పెట్టి పడుకున్నాడు. అక్క తలుపు దగ్గర ఇత్తడి బిందె మీద గరిటెతో నాలుగు దెబ్బలు వేసింది. పక్క క్వార్టరువాళ్లు బయటికొచ్చి చూశారు. బావ కదల్లేదు.

"మీ బావకు ఎడమ చెవి ఇనస్తలేదు తమ్మీ," అంది. "నాకు తప్ప ఎవలకు తెల్వది. ఆయనకు గూడ తెల్వనట్టే ఉంటడు."

మందు పేల్చే చోట ఏళ్ల తరబడి నిలబడ్డ చెవి. కప్పును తట్టి వినాల్సినవాడికి ఒక చెవి లేదంటే ఏమిటో, పగులు చప్పుడు ఏ పక్క నుంచి వస్తోందో తెలియకపోతే ఏమవుతుందో అక్క నాకు వివరించలేదు. బిందె కింద పెట్టి చేతులు తుడుచుకుంది, అంతే. చెవి సంగతి ఆఫీసులో చెబితే దవాఖానకు పంపి పనికిరాడని రాసేస్తారు, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే రోజూ ఒక చెవితో బాయి దిగాలి. అక్క దీనికి ఒక దారి కనిపెట్టి పెట్టుకుంది. పైన, నేల మీద, కట్టెలు కోసి లోపలికి పంపే యార్డులో మేస్త్రీ ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతోంది. దానికి పరీక్ష. చదవడం, రాయడం, ఐదారు తరగతుల లెక్కలు. బావ రాత్రిబడిలో అక్షరాలు కూడబలుక్కున్నాడు, కూడికలూ హెచ్చవేతలూ వచ్చు. రానిది ఒక్కటే, లిస్టులో చివర ఉన్నది, గ.సా.భా. దాని కోసమే ఆ దేవుడు కాలేజీలు మూయించి నన్ను పంపాడని అక్క నమ్మకం. అంత పెద్ద ఉద్యమానికి ఇంత చిన్న కారణం ఉంటుందని ఆమెకు అనుమానం రాలేదు.

నేను గర్వంగా మొదలుపెట్టాను. ఫస్ట్ షిఫ్ట్ వారాల్లో బావ మధ్యాహ్నం వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, మంచం వాల్చుకునే ముందు ఒక గంట. పలక పెట్టి, సంఖ్యను రెండుతో కొట్టు, మూడుతో కొట్టు, ఐదుతో కొట్టు, ఇక విడిపోని ముక్కలయ్యేదాకా విడగొట్టు, రెండింట్లోనూ ఉమ్మడిగా ఉన్నవి ఏరి గుణించు అని చెప్పాను. బావ చెప్పినట్టే విడగొట్టేవాడు. ఏరే దగ్గర అన్నీ ఏరేవాడు, ఉమ్మడివీ కానివీ. పలక నిండా ముక్కలే. రెండు వారాల తర్వాత నేను గొంతు పెంచడం మొదలుపెట్టాను, అదీ ఎడమ పక్క కూర్చుని, కాబట్టి ఆయనకు పెద్దగా నష్టం లేకపోయింది. ఒకరోజు ఆయన పలక కింద పెట్టి, ఆ రోజు పది మాటల్లో చాలా భాగం ఖర్చుపెట్టి అడిగాడు.

"పెద్దది, పెద్దది అంటవు. వచ్చేదేమో రెండిట్ల చిన్నదానికంటె చిన్నగుంటది. గిదేం పెద్ద బామ్మర్దీ?"

నేను గరిష్ఠం గురించి ఉపన్యాసం ఇచ్చాను. ముగిసేసరికి ఆయన కుడి చెవి మీద పడుకుని ఉన్నాడు. లోపలి నుంచి అక్క, గసాబా అయిందా లేదా అని కేకేసింది, పొయ్యి మీద పప్పును అడిగినట్టు.

ఆ వారంలోనే కోళ్లగూడు తలుపు కుక్క పీకేసింది. బావ ఎక్కడి నుంచో రెండు పాత సన్నటి కట్టెలు తెచ్చాడు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. రెండింటినీ సమానమైన ముక్కలు చేసి తలుపుకు చువ్వల్లా కొట్టాలి. ముక్కలు వీలైనంత పొడుగు ఉండాలి, ఏదీ వృథా కాకూడదు. నేను వసారాలో కూర్చుని పేపరు చదువుతూ ఓరకంట చూస్తున్నాను. ఆయన టేపు తియ్యలేదు. పొట్టికట్టెను పొడుగుదాని పక్కన పెట్టి, ఎక్కడికి వస్తే అక్కడ సుద్దతో గీశాడు. పొడుగుదాంట్లో గీత అవతల మిగిలింది చూశాడు. ఇప్పుడా మిగులంత పొడవు ఒక పుల్ల విరిచి, దాన్ని పొట్టికట్టె మీద పెట్టి గీశాడు. అక్కడా కొంచెం మిగిలింది. ఆ మిగులంత ఇంకో పుల్ల విరిచి మొదటి పుల్ల మీద పెట్టాడు. మళ్లీ మిగిలింది. ఆ చివరి మిగులును దాని ముందుదాని మీద పెడితే రెండుసార్లు సరిగ్గా కూర్చుంది. ఇక ఏమీ మిగల్లేదు. ఆయన ఆ చిన్న పుల్లను చెవి సందున పెట్టుకున్నాడు, వినపడని చెవి సందున.

"ఏం చేస్తున్నవు బావా?"

"కొల తీస్తున్న. మిగిలినదాంతోనే మల్ల కొలవాలె. మిగులు లేకుంట అయ్యేదాక. ఆఖరుకు ఏది సరిగ్గ కూసుంటదో గదే కొల. రెండు కట్టెలకు గదే నడుస్తది."

నేను పేపరు కింద పెట్టి టేపు తెచ్చాను. పొడుగుది అరవై నాలుగు అంగుళాలు, పొట్టిది నలభై. చెవి సందున ఉన్న పుల్ల ఎనిమిది. అరవై నాలుగులోంచి నలభై పోతే ఇరవై నాలుగు. నలభైలోంచి ఇరవై నాలుగు పోతే పదహారు. ఇరవై నాలుగులోంచి పదహారు పోతే ఎనిమిది. పదహారులో ఎనిమిది సరిగ్గా రెండుసార్లు. గ.సా.భా. ఎనిమిది. నేను ఆరో తరగతిలో దీన్నే భాగహార పద్ధతి అని కళ్లు మూసుకుని అప్పజెప్పి, పంతులుగారి చేత భుజం తట్టించుకున్నాను. శేషంతో భాజకాన్ని భాగించాలి, శేషం సున్నా అయ్యేదాకా. ఎందుకు భాగించాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రెండు కట్టెల్నీ సరిగ్గా కొలిచే పుల్ల ఏదైనా, వాటి తేడానూ సరిగ్గా కొలవక తప్పదని, అందుకే మిగులును పట్టుకుని వెళితే చాలని, డిగ్రీ రెండో సంవత్సరంలో, కోళ్లగూడు ముందు నాకు తెలిసింది. వేల ఏళ్ల కింద ఏ గ్రీకు పెద్దమనిషో కనిపెట్టాడని పుస్తకంలో ఉంది. ఆయనకూ కోళ్లు ఉండి ఉంటాయి.

ఆ రోజు నుంచి పలక పోయి కట్టెలొచ్చాయి. సంఖ్య చెబితే దాన్ని కట్టె అనుకోమన్నాను. బావ కళ్లు మూసుకుని, రెండు చేతులతో గాలిలో కట్టెను పట్టుకుని, దాని మీద ఇంకో కట్టె పెట్టేవాడు. నాలుగు రోజుల్లో నేను కాగితం మీద చేసేదానికంటే ముందు చెప్పడం మొదలుపెట్టాడు. చిక్కల్లా ఇంకో చోట వచ్చింది. ఆ కోళ్లగూడు చువ్వలు ఆయన ఎనిమిది అంగుళాలకు కోయలేదు. ఏడంగుళాల ఏడు సూతులకు కోశాడు. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రంపం ప్రతి కోతకూ తన మందమంత కట్టెను పొట్టు చేసి తినేస్తుంది. ఆ రంపం సరిగ్గా ఒక సూతు తినేది. అందుకని కొలకు సూతు తగ్గించి కొయ్యాలి. లేకపోతే అన్ని కోతల నష్టమూ చివరి ముక్క మీద పడుతుంది. నేను ఏ లెక్క ఇచ్చినా ఆయన జవాబులోంచి ఒక సూతు తీసేసి చెప్పేవాడు.

"పరీక్షల రంపానికి మందం ఉండదు బావా," అన్నాను.

"మందం లేని రంపం మీ హన్మకొండల దొరుకుతదా?"

పరీక్షలో దొరుకుతుందని బతిమాలి చెప్పాను. అక్క కూడా వచ్చి పక్కన, కుడి పక్కన కూర్చుంది. ఆ ఒక్క దినం రంపాన్ని మర్చిపొమ్మని, దాని పేరెత్తవద్దని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి సరే అన్నాడు. ఆయన సరే అంటే అది కట్టె నిలబెట్టినట్టే. అక్క ఆ రోజు కోడిని కోసింది, గూటికి కొత్త తలుపు వచ్చిన వారం లోపే.

పరీక్ష బాయి ఆఫీసు షెడ్డులో, పగలు పదకొండింటికి. ఎనిమిది మంది రాశారు. ఆఫీసరు ప్రశ్నలు చదివి చెప్పి, బోర్డు మీద కూడా రాస్తాడని తెలిసింది. అయినా కుడి చెవి ఆయన వైపు ఉండేట్టు కూర్చొమ్మని అక్క మూడుసార్లు చెప్పింది, తలుపు దగ్గర ఒకసారి, గేటు దగ్గర ఒకసారి, వీధి మలుపు దాకా వెళ్లి ఒకసారి. నేను, అక్క ఇంటి దగ్గర ఉన్నాం. ఆమె బియ్యం ఏరింది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది.

బావ ఒంటిగంటన్నరకు వచ్చాడు. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అన్నీ వచ్చాయన్నాడు. కూడికలు వచ్చాయి, హెచ్చవేతలు వచ్చాయి, దరఖాస్తు రాయమంటే రాశాడు. చివర్న గసాబా. ముప్పై అడుగుల మాను ఒకటి, పద్దెనిమిది అడుగుల మాను ఒకటి, రెండింటినీ మిగులు లేకుండా సమానమైన కట్టెలుగా కోస్తే ఒక్కో కట్టె అత్యధికంగా ఎన్ని అంగుళాలు ఉంటుంది. నాకు గుండె తేలికపడింది. మూడు వందల అరవై, రెండు వందల పదహారు. గాలిలో ఆయన ఇలాంటివి యాభై చేశాడు. డెబ్బై రెండు.

"ఎంత రాసినవు బావా?"

"డెబ్బై ఒకటి. ఏడు సూతులు."

అక్కకు లెక్క తెలియదు గానీ నా మొహం తెలుసు. గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. బావ కంచం వైపు చూస్తూ చెప్పాడు, ఆ సంవత్సరమంతా నేను విన్న వాటిలోకెల్లా పొడుగు మాట.

"ముందు డెబ్బై రెండే రాసిన. మాట ఇచ్చిన గద. కింద దస్తఖత్ పెట్టుమన్నడు సారు. పెట్టవోయిన, చెయ్యి రాలే. డెబ్బై రెండుకు కోస్తె ముప్పై అడుగుల మాన్ల ఆఖరు కట్టె అరంగుళం పొట్టిగ అస్తది. నా పేరు పెట్టినంక, దాని కింద నిలవడేటోడు ఎవడు?"

పైన ఒక చెక్క ముక్క పెట్టి బిగించుకుంటారు కదా అన్నాను. నేను బాయి దిగినవాణ్ని కాదు, అయినా అన్నాను; చదువుకున్నవాళ్ల గుణం అది.

"పెట్టచ్చు. పొట్టిదని వానికి తెల్వాలె గద," అన్నాడు.

అక్క కంచంలో అన్నం పెట్టింది, పప్పు పోసింది, పోయి ఆయనకు ఎడమపక్కన కూర్చుంది. కూర్చుని మెల్లగా ఏదో అంది, ఆయనకు వినపడని పక్క నుంచి. నేను కుడిపక్కన ఉన్నాను గనక నాకూ వినపడలేదు. తర్వాత చాలా ఏళ్లకు అడిగితే, జ్ఞాపకం లేదంది. మా అక్కకు జ్ఞాపకం లేనిదంటూ లేదు.

ఆ సాయంత్రం నేను కాగితం పెన్సిలు తీసుకుని ఆయన జవాబును తప్పుపట్టడానికి కూర్చున్నాను. ముప్పై అడుగుల మానులో డెబ్బై ఒకటి ఏడు సూతుల కట్టెలు ఐదు, నాలుగు కోతలు, మిగిలేది ఒక్క సూతు. పద్దెనిమిది అడుగుల మానులో మూడు కట్టెలు, రెండు కోతలు, మిగిలేది మళ్లీ ఒక్క సూతు. రెండు మాన్లలోనూ సమానంగా, రంపం ఇంకొక్కసారి తినడానికి సరిపడా. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. దాన్ని చూపించాల్సినవాళ్లు ఎవరూ ఇంట్లో లేరు; బావకు ముందే తెలుసు, అక్కకు అక్కర్లేదు.

నాలుగో రోజు లిస్టు అంటించారు. వేరే పేరు ఉంది. డెబ్బై రెండు అని రాసి దస్తఖత్ పెట్టినవాళ్లలో ఒకరు. బావ లిస్టు చదివి, ఇంటికి వచ్చి, కోళ్లకు నాలుగు మాటలు చెప్పి, మర్నాడు పొద్దున మామూలుగా ఫస్ట్ షిఫ్ట్‌కు వెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే అక్క పెట్టెలోంచి మంచి చీర తీసింది. నన్నూ బయల్దేరమంది. ఎందుకంటే చెప్పలేదు. దారిలో మాత్రం, నువ్వు నోరు తెరవొద్దు తమ్మీ అంది. నా చదువు మీద ఆ ఇంట్లో అప్పటికి ఒక స్థిరమైన అభిప్రాయం ఏర్పడి ఉంది.

ఆఫీసరు కుర్రవాడు, కోస్తా వైపు మనిషి, నాకంటే అయిదారేళ్లు పెద్ద ఉంటాడు. కళ్లద్దాల అంచున బొగ్గు నుసి. బావ పేరు చెప్పగానే తలెత్తాడు. ఆ డెబ్బై ఒకటి రాసింది మీ ఆయనేనా అని అడిగాడు.

"లెక్క నాకు తెల్వది సారు," అంది అక్క. "ఆయనకు ఎడమ చెవి ఇనరాదు. కప్పు ఎడమ దిక్కు సప్పుడు చేస్తే ఆయనకు ఎవలు చెప్తరు?"

అది ఏడాదిగా దాచిన మాట, దాచడం వల్లే ఇల్లు నడుస్తున్న మాట. అది కాగితం మీద పడితే బావ బాయి కిందా ఉండడు, పైనా ఉండడు. మళ్లీ కమాన్‌పూర్, అటక మీది నాగలి. అక్క బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆఫీసరు కలం తీసి మూత తిప్పాడు. కొంతసేపు దాన్ని చూసి, మళ్లీ మూత పెట్టాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు, నుసి ఇంకాస్త పరుచుకుంది. మొన్న యార్డులో ఒక మాను తెప్పించి, తానే దగ్గరుండి డెబ్బై రెండుకు కోయించి చూశానన్నాడు. చూసేసరికి లిస్టు పైకి వెళ్లిపోయిందన్నాడు. చివరి కట్టె ఎంత వచ్చిందో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

"మేస్త్రీ పోస్టు అయిపోయిందమ్మా. యార్డులో రంపం పట్టే మనిషి కావాలి, ఆ మేస్త్రీ కిందే. మీ ఆయన ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకునేదాన్ని నేను. రాయుండ్రి," అంది అక్క.

ఆయన రాశాడు. చెవి గురించి ఆ కాగితంలో ఏమీ లేదు. నేను తలకిందులుగా చదివి చూశాను.

బావకు కోపం వచ్చింది. కోపం వస్తే అరిచే మనిషి కాదు. అక్క ఎటుంటే అటు ఎడమ చెవి పెట్టి కూర్చునేవాడు. ఆమె అటు వస్తే ఆయన ఇటు తిరిగేవాడు. వారం రోజులు ఆ చిన్న క్వార్టర్లో వాళ్లిద్దరూ సూర్యుడూ భూమీలా తిరిగారు. ఆయన కోపం ఉద్యోగం తగ్గినందుకు కాదని, బాయి కింద తన చేప గుర్తు కట్టెల్ని ఎవరికో వదిలి వచ్చినందుకని నాకు తర్వాత తెలిసింది. ఎనిమిదో రోజు యార్డు నుంచి వచ్చి, రంపంపొట్టు దులుపుకుంటూ, ఆమె తన కుడిపక్కకు వచ్చేట్టు కూర్చున్నాడు. కథ అయితే ఆ నెలలోనే ఆయన వదిలివచ్చిన చోట కప్పు కూలి ఉండాలి. కూలలేదు. ఆయన పెట్టిన కట్టెలు అక్కడ ఉన్నాయి కదా మరి.

యార్డులో ఇరవై ఏళ్లకు పైగా రంపం పట్టాడు. మేస్త్రీ సుద్దతో గీత గీసేవాడు, బావ గీతకు ఒక సూతు లోపల రంపం పెట్టేవాడు. ఆ మేస్త్రీ హయాంలో పొట్టి కట్టె వచ్చిందని బాయి కింది నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. అందుకు మేస్త్రీకి ఒకసారి మెచ్చుకోలు కూడా దక్కింది, దండ వేశారు. బావ చప్పట్లు కొట్టాడట. కాలేజీలు తెరిచారు, నేను వెళ్లి లెక్కలు పూర్తిచేసి, బడిపంతులుగా చేరి, ముప్పై ఏళ్లకు పైగా గ.సా.భా.లు తీయించాను. ఒకే ఒక్కసారి, ఏదో వానరోజు, పిల్లలు తక్కువ వచ్చినప్పుడు, రెండు మాన్ల లెక్కా రంపం సంగతీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, పరీక్షలో ఏది రాయాలి సార్ అని అడిగింది. డెబ్బై రెండు రాయమన్నాను. ఆ పిల్ల రాసుకుంది.

బావ వెళ్లిపోయి ఆరేళ్లయింది. మంచం మీదే, నిద్రలో, కుడి చెవి దిండులో పెట్టుకుని. కోళ్లగూడు తలుపు ఆయన తర్వాత కూడా కొన్నాళ్లు ఉంది. నా మటుకు నేను ఏళ్లన్నీ సమానంగానే కోసుకుంటూ వచ్చాననుకున్నాను. ప్రతి కోతకూ ఒక సూతు ఎటో పోతూ ఉంటుందని, అదంతా కలిపి చివరి ముక్కలో చూసుకోవాల్సి వస్తుందని, కాలం నాకు కాస్త ఆలస్యంగా కొలిచి చూపిస్తోంది.

పోయిన వారం అక్క మా మెట్ల మీద నిలబడి, కర్ర కొనతో ఆ చివరి మెట్టును రెండోసారి కూడా కొలిచింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఈ మెట్లు కట్టినోడు నీ దగ్గర్నే సదువుకున్నట్టున్నడు తమ్మీ."